మా సిటీ సొంతంగా ఫైబర్ వేస్తానంటోంది, ఒప్పుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. అమెరికాలో ఒక మధ్యరకం ఊళ్ళో ఇల్లు కొని రెండేళ్ళయింది. ఆ ఊళ్ళో కరెంటు సప్లై మునిసిపాలిటీదే. ఇప్పుడు అదే మునిసిపాలిటీ బాండ్లు, అంటే అప్పు పత్రాలు, అమ్మి ఇంటింటికీ ఇంటర్నెట్ ఫైబర్ వేస్తానంటోంది. వచ్చే నెల కౌన్సిల్‌లో తీర్మానం. సిటీ మీ పన్ను డబ్బుతో జూదమాడుతోందంటూ మీ పోస్టు డబ్బాలో వారానికి రెండు కరపత్రాలు. ఇండియా నుంచి మీ నాన్నగారు "ఏపీ ఫైబర్ లాంటిదే కదా, ప్రభుత్వానికెందుకు ఈ పని" అంటున్నారు. ఇప్పుడున్న కేబుల్ బిల్లు చూస్తే మీకు ఒళ్ళు మండుతోంది, అప్పు మాట వింటే టెన్షన్ పుడుతోంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 1990ల్లో ఏలూరులో డాబా నుంచి డాబాకి కేబుల్ టీవీ వైరు లాగాను. ఇక్కడికొచ్చాక 20 ఏళ్ళకు పైగా ఫైబర్ డిజైన్, నిర్మాణంలోనే ఉన్నాను. ప్రైవేటు కంపెనీలకు పనిచేశాను, రెండు మునిసిపాలిటీలకూ పనిచేశాను. ఇద్దరి వంటిల్లూ చూశాను. కరపత్రాలు వేసేవాళ్ళు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు, సిటీ వాళ్ళు చూపించే రంగుల చార్టులు పూర్తిగా నిజమూ కాదు. నా వరకు రెండే సంగతులు చూస్తాను. చందాదారులు అనుకున్నంత మంది రాకపోతే అప్పు ఎవరు కడతారు? ఊళ్ళో స్తంభాలు, భూమిలో పైపులు ఎవరి చేతిలో ఉన్నాయి? మిగతావన్నీ వీటి తర్వాతే.

ముందుగా, మీది ఏ రాష్ట్రమో రాయలేదు. అది చాలా ముఖ్యం.

అమెరికాలో మునిసిపాలిటీ అంటే రాష్ట్రం కన్న బిడ్డ. రాష్ట్రం ఇచ్చిన అధికారాలే దానికి ఉంటాయి. కేబుల్, ఫోన్ కంపెనీలకు ఈ విషయం మనకంటే బాగా తెలుసు. ఒక్కో ఊరితో పోట్లాడే బదులు రాష్ట్ర రాజధానిలో ఒక చట్టం చేయించుకుంటే పని తేలిక. అలా ఒకప్పుడు 20కి దగ్గరగా రాష్ట్రాల్లో మునిసిపల్ బ్రాడ్‌బ్యాండ్‌కి ఏదో ఒక అడ్డుకట్ట పడింది. కొన్నిచోట్ల ప్రజల ఓటు పెట్టి తీరాలన్నారు. కొన్నిచోట్ల ఇళ్ళకు చిల్లరగా అమ్మకూడదు, వేరే కంపెనీలకు టోకుగానే ఇవ్వాలన్నారు. ఇంకొన్నిచోట్ల, ప్రైవేటు కంపెనీ కట్టే పన్నుల్లాంటివి మునిసిపాలిటీ కట్టకపోయినా కట్టినట్టే లెక్కేసుకుని ధర పెట్టాలన్నారు. ఈ మూడోది రాసినవాడు గట్టివాడు. పైకి న్యాయంగానే కనిపిస్తుంది.

కేంద్రం కాపాడుతుందేమో అని ఊళ్ళు రెండుసార్లు ఆశపడ్డాయి. 1996 టెలికాం చట్టం ప్రకారం ఏ సంస్థనూ టెలికాం సేవ ఇవ్వకుండా రాష్ట్రాలు ఆపకూడదు. మేమూ సంస్థలమే కదా అని మిస్సోరీ ఊళ్ళు కోర్టుకెళ్ళాయి. 2004లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో కాదంది. రాష్ట్రానికీ, దాని సొంత మునిసిపాలిటీకీ మధ్య కేంద్రం దూరాలంటే చట్టంలో ఆ మాట సూటిగా రాసి ఉండాలంది. పదేళ్ళ తర్వాత, 2014లో, టెన్నెసీలోని చాటనూగా, నార్త్ కరోలినాలోని విల్సన్, హద్దు దాటి పక్క ఊళ్ళకు ఇవ్వనివ్వమని, నేరుగా కేంద్ర టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తలుపు తట్టాయి. 2015 ఫిబ్రవరి 26న ఎఫ్‌సీసీ 3-2 ఓట్లతో ఆ రెండు రాష్ట్రాల అడ్డంకులనూ కొట్టేసింది. ఆ సంబరం ఏడాదిన్నర నిలిచింది. 2016 ఆగస్టులో ఆరో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఎఫ్‌సీసీ ఉత్తర్వును రద్దు చేసింది. కారణం మళ్ళీ అదే.

ఈ తీర్పు కాగితం మీద చదివితే పొడిగా ఉంటుంది. పైన్‌టాప్స్ అనే ఊరి కథ వింటే తడి తగులుతుంది. విల్సన్ పక్కనే ఉండే చిన్న ఊరు అది, జనాభా 1,300కి అటూ ఇటూ. ఎఫ్‌సీసీ ఉత్తర్వు వచ్చాక విల్సన్ తన గ్రీన్‌లైట్ ఫైబర్‌ని అక్కడికి లాగింది. ఇళ్ళకు కనెక్షన్లు వచ్చాయి. అంతలో కోర్టు తీర్పు. చట్టం ప్రకారం అక్కడ అమ్మకూడదు. అమ్మకూడదంతే కదా అని విల్సన్ కొన్నాళ్ళు డబ్బు తీసుకోకుండా ఉచితంగానే ఇచ్చింది. తర్వాత 2017లో రాష్ట్ర శాసనసభ ఇంకో ప్రైవేటు ఫైబర్ కంపెనీ వచ్చేదాకా ఇవ్వచ్చని ఒక మినహాయింపు చేసింది. పోల్స్ మీద వేసిన తీగ అదే, దాంట్లో వెలుతురూ అదే. మారింది రాజధానిలో కాగితం ఒక్కటే.

ఈ మధ్య గాలి కొంచెం ఇటు తిరిగింది. కొలరాడోలో 2005 చట్టం వల్ల ఊళ్ళు ముందు ఓటు పెట్టాల్సి వచ్చేది. లాంగ్‌మాంట్ 2009లో ఓడిపోయి, 2011లో గెలిచి, ఆ తర్వాత ఊరంతా ఫైబర్ వేసుకుంది. మొదట చేరినవాళ్ళకు నెలకు 49.95 డాలర్లకే గిగాబిట్ (సెకనుకు 1,000 మెగాబిట్ల వేగం) ఇచ్చింది. ఆ ఊరి వెనకే పదుల ఊళ్ళు ఓటు పెట్టుకున్నాయి. చివరికి 2023లో రాష్ట్రమే ఆ చట్టాన్ని తీసేసింది. ఆర్కన్సా, వాషింగ్టన్ 2021లో, మిన్నెసోటా 2024లో అడ్డంకులు సడలించాయి. అయినా ఇంకో పదిహేను పదహారు రాష్ట్రాల్లో ఏదో ఒక కట్టడి ఉంది. మీ ఊళ్ళో వ్యవహారం కౌన్సిల్ దాకా వచ్చిందంటే సిటీ లాయరు చట్టం చూసే ఉంటాడు. అయినా ఒక మాట అడగండి. మన కరెంటు హద్దు దాటి పక్క ఊరికి ఇవ్వచ్చా? చాటనూగా గొడవంతా ఆ హద్దు దగ్గరే. ఖర్చు పంచుకోవడానికి పక్క ఊళ్ళు కలుస్తాయా లేదా అన్నది మీ లెక్కల్ని మార్చేస్తుంది.

ఇక స్తంభాలు. నా బతుకంతా వీటి చుట్టూనే గడిచింది కాబట్టి కాస్త ఎక్కువ చెప్తే ఏమీ అనుకోకండి.

మీ వీధి చివర స్తంభాన్ని ఒకసారి తలెత్తి చూడండి. పైన కరెంటు తీగలు. వాటి కింద 40 అంగుళాలు ఖాళీ వదలాలి, అది భద్రత కోసం. దాని కింద ఫోను, కేబుల్, ఎవరిదైనా ఫైబర్ ఉంటే అది. కొత్తగా ఒక తీగ వేయాలంటే ఉన్నవి కొంచెం పైకో కిందికో జరగాలి. ఒక్కోసారి స్తంభమే పొట్టిదవుతుంది, మార్చాలి. ఈ తతంగాన్ని ఇక్కడ మేక్ రెడీ అంటారు. వినడానికి రెండు మాటలే. పాత పద్ధతిలో ఒక్కో కంపెనీ తన తీగను తన మనిషితోనే జరిపించుకోవాలి, అదీ ఒకరి తర్వాత ఒకరు. జరపాల్సింది ఎవరు? మీతో పోటీ పడబోయేవాళ్ళే. వాళ్ళకేం తొందర? ఒకసారి మా ప్రాజెక్టులో 60 స్తంభాల కోసం 11 నెలలు ఎదురుచూశాం. తీగ జరపాల్సిన కంపెనీ పేరెందుకు లెండి. ప్రతి నెలా వచ్చే నెల అన్నారు. మేం బకెట్ ట్రక్కు అద్దె కట్టుకుంటూ కూర్చున్నాం. చివరికి వాళ్ళు వచ్చి చేసిన పని మొత్తం నాలుగు రోజులు.

అందుకే లూయివిల్, నాష్‌విల్ ఊళ్ళు 2016లో ఒక స్థానిక చట్టం తెచ్చాయి. అర్హత ఉన్న కాంట్రాక్టరు ఒక్కడే ఒక్కసారి నిచ్చెనెక్కి అందరి తీగలూ జరిపేయచ్చని. రెండు ఊళ్ళ మీదా కంపెనీలు కేసులు వేశాయి. లూయివిల్ నెగ్గింది, నాష్‌విల్ ఓడింది. 2018లో ఎఫ్‌సీసీ అదే పద్ధతిని, తేలిక పనుల వరకు, తన పరిధిలో ఉన్న స్తంభాలకు పెట్టింది. తన పరిధిలో అన్న మాట గుర్తుపెట్టుకోండి. స్తంభాల మీద ఎఫ్‌సీసీకి అధికారమిచ్చిన 1978 చట్టం మునిసిపాలిటీల స్తంభాలకూ, సహకార సంఘాల స్తంభాలకూ వర్తించదు. కొన్ని రాష్ట్రాలు తమ నిబంధనలు తాము పెట్టుకున్నాయి, అది వేరే సంగతి.

మీ ఊళ్ళో దీని అర్థం ఏమిటి? కరెంటు మునిసిపాలిటీదే గనక స్తంభాలూ చాలావరకు దానివే అయి ఉంటాయి. సిటీ ఫైబర్‌కి ఇది పెద్ద వరం. మా 11 నెలల కథలో సగం మీకు ఉండదు. మిగతా సగం ఉంటుంది, ఎందుకంటే వాటి మీద ఇప్పటికే వేలాడుతున్న కేబుల్ కంపెనీ తీగలు ఎలాగూ జరగాలి. ఇంకో వైపు కూడా చూడాలి. రేపు మూడో కంపెనీ ఏదైనా మీ ఊరికి వస్తే ఆ స్తంభం అద్దె ఎంతో, ఎన్నాళ్ళలో అనుమతి ఇస్తారో చెప్పేది సిటీయే. అంటే అంపైరే బ్యాటు కూడా పట్టుకున్నట్టు. వీధుల వాడకానికి సిటీ రుసుము తీసుకోవచ్చు కానీ వివక్ష లేకుండా న్యాయంగా ఉండాలని 1996 చట్టం అంటుంది. అది ఉన్నా కోర్టుకెళ్ళి తేల్చుకునే ఓపిక చిన్న కంపెనీలకు ఉండదు. సిటీ ఫైబర్‌కి ఎంత స్తంభం అద్దె రాసుకుంటున్నారో బయటివాళ్ళకూ అంతే అని రాతపూర్వకంగా ఉందా? కౌన్సిల్‌లో ఈ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబొస్తే నాకు సగం నమ్మకం కలుగుతుంది.

భూమిలో వేసే చోట కథ వేరు. స్తంభం మీద వేయడం కంటే భూమిలో వేయడానికి రెండు మూడింతలవుతుంది. రాయి తగిలితే ఇంకా పైకి. ఫైబర్ గాజుపోగు చవక, గొయ్యి ఖరీదు. అందుకే ఎవరో ఒకరు గొయ్యి తవ్వుతున్నప్పుడే ఖాళీ పైపు ఒకటి పడేసుకోవాలి. మన తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ళ పైపులు వేసిన కాలవల్లోనే టీ-ఫైబర్‌కి పైపు వేసింది ఈ లెక్కతోనే. మీ సిటీ ఈ రెండు మూడేళ్ళలో మురుగు పైపులో రోడ్డో తవ్వే పనుంటే, ఆ ప్లాన్‌లో ఫైబర్ పైపు ఉందేమో చూడండి. లేకపోతే ఒకే వీధిని రెండుసార్లు తవ్వుతారు. తవ్వకంలో పీనాసితనం కూడా పనికిరాదు. లూయివిల్‌లో గూగుల్ ఫైబర్ రోడ్డు మీద రెండంగుళాల లోతున గాడి కోసి తీగ వేసింది. అది పైకి తేలింది. 2019లో కంపెనీ ఊరే వదిలేసి, రోడ్లు బాగు చేయడానికి సిటీకి 38.4 లక్షల డాలర్లు కట్టింది. అంత డబ్బున్న కంపెనీ కాబట్టి కట్టి వెళ్ళగలిగింది. ఊరు అలా వెళ్ళిపోలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇక్కడ వాడే మాట టేక్ రేట్. తీగ వెళ్ళిన ప్రతి వంద ఇళ్ళలో ఎన్ని కనెక్షన్ తీసుకుంటాయన్నది. వీధిలో తీగ వేసే ఖర్చు అందరి కోసమూ ముందే అయిపోతుంది, బిల్లు కట్టేది మాత్రం తీసుకున్నవాళ్ళే. ఒక ఉత్తుత్తి లెక్క వేద్దాం. 20,000 ఇళ్ళున్న ఊరు, ఇంటి ముందు దాకా తీగకు 1,500 డాలర్లు, ఇంట్లోకి కనెక్షన్‌కి ఇంకో 1,000, నెల బిల్లు 70 డాలర్లు, 5 శాతం వడ్డీకి 20 ఏళ్ళ అప్పు అనుకోండి. 40 శాతం ఇళ్ళు చేరితే ఏడాదికి 67 లక్షలు వస్తాయి, అప్పు వాయిదా 30 లక్షలు. మిగిలిన 37 లక్షలతో మనుషులు, కాల్ సెంటరు, బయటి బ్యాండ్‌విడ్త్, పాడైన పరికరాల మార్పిడి అన్నీ నడపచ్చు. 20 శాతమే చేరితే వచ్చేది 33 లక్షల చిల్లర, వాయిదా 27 లక్షలు. మిగిలిన ఆరు లక్షలు ఆ ఖర్చులన్నిటికీ ఏ మూలకీ చాలవు. చందాదారులు సగమయ్యారు, అప్పు మాత్రం సగం కాలేదు. సిటీ తెచ్చిన కన్సల్టెంట్ రిపోర్టులో టేక్ రేట్ ఏ పేజీలో ఉందో వెతకండి, అది పది శాతం తగ్గితే ఏమవుతుందో వాళ్ళు లెక్కేసి చూపించారా లేదా చూడండి. పాత కంపెనీ చేతులు ముడుచుకుని కూర్చోదని కూడా గుర్తుంచుకోండి. మీ ఊరి ఫైబర్ వెలిగిన వారానికే మీ కేబుల్ బిల్లు నలభై డాలర్లకు దిగొస్తుంది. మీకు మంచిదే. సిటీ టేక్ రేట్‌కి మంచిది కాదు.

చెడిన కథలు ముందు చెప్తాను, కరపత్రాల్లో ఉండేవి అవే. యూటాలోని ప్రొవో 2004లో 3.9 కోట్ల డాలర్ల బాండ్లతో ఐప్రొవో కట్టింది. రాష్ట్ర చట్టం నేరుగా చిల్లరగా అమ్మడానికి అడ్డం వచ్చింది గనక టోకుగా వేరే కంపెనీలకు ఇచ్చింది. ఆ కంపెనీలకు శక్తి చాలలేదు. నెట్‌వర్క్ చేతులు మారింది, మళ్ళీ సిటీ ఒళ్ళోకే వచ్చింది. 2013లో గూగుల్‌కి ఒకే ఒక్క డాలరుకి అమ్మేశారు. అప్పు మాత్రం ఊరిదే. ఇంటింటి యుటిలిటీ బిల్లులో నెలకు 5.35 డాలర్లు, ఆ ఇంట్లో ఇంటర్నెట్ లేకపోయినా సరే. వెర్మాంట్‌లోని బర్లింగ్టన్‌ది ఇంకా చేదు. సిటీ ఉమ్మడి ఖజానాలోంచి 1.7 కోట్ల డాలర్లు టెలికాంకి మళ్ళించిన సంగతి 2009లో బయటపడింది. లీజు డబ్బు కోసం సిటీబ్యాంక్ 3.3 కోట్లకు దావా వేసింది. సిటీ రుణ రేటింగ్ పడిపోయింది. 2014లో దాదాపు కోటి డాలర్లకు రాజీ, ఆ తర్వాత అమ్మకం. అక్కడ తీగలూ పరికరాలూ బాగానే పనిచేశాయి. చెడింది ఖాతా పుస్తకం.

చాటనూగాది దీనికి అటు చివర. అక్కడి కరెంటు సంస్థ ఈపీబీ 1935 నాటిది. ఇంటర్నెట్ అమ్ముదామని ఒక్కటే అనుకుని ఉంటే ఆ లెక్క ఎలా తేలేదో చెప్పలేను. వాళ్ళకు గాలివానల్లో కరెంటు పోవడం పెద్ద తలనొప్పి. స్తంభాల మీద పెట్టిన 1,200 దాకా స్మార్ట్ స్విచ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, చెట్టు పడిన ముక్కను వదిలేసి మిగతా వీధులకు కరెంటు మళ్ళించాలి. దానికి ఫైబర్ కావాలి. 2009 ఉద్దీపన పథకంలో ఇంధన శాఖ 11 కోట్లకు పైగా డాలర్ల గ్రాంటు ఇచ్చింది, మిగతాది బాండ్లు. కేబుల్ కంపెనీల కేసులు కోర్టుల్లో నిలవలేదు. 2010కల్లా దాదాపు 600 చదరపు మైళ్ళలో ఎవరడిగినా గిగాబిట్. టెన్నెసీ చట్టం ప్రకారం కరెంటు డబ్బుతో ఇంటర్నెట్‌ని పోషించకూడదు, రెండు ఖాతాలూ వేరు. 2020లో కోవిడ్ వల్ల బడులు మూసినప్పుడు పేదింటి పిల్లలకు, దాదాపు 28 వేల మందికి అర్హత ఇచ్చి, ఉచితంగా కనెక్షన్లు మొదలుపెట్టారు. అదే ఏడు స్థానిక యూనివర్సిటీ ఆర్థికవేత్త ఒకాయన పదేళ్ళలో ఊరికి 269 కోట్ల డాలర్ల మేలు జరిగిందని లెక్కగట్టారు. ఇలాంటి లెక్కలు నేను సగం కోసుకుని చదువుతాను. సగం తీసినా చాలానే మిగులుతుంది.

ఒక మాట మరచిపోయాను. మీ సిటీకి అలాంటి గ్రాంటు దొరుకుతుందని ఎవరైనా అంటే ఏ గ్రాంటో అడగండి. 2021 మౌలిక వసతుల చట్టంలోని 42.45 బిలియన్ డాలర్ల బీడ్ పథకం అసలు ఇంటర్నెట్ సరిగా లేని ఇళ్ళ కోసం పెట్టింది. ఇప్పటికే కేబుల్ ఉన్న మీ వీధికి అది వచ్చే దారి లేదు.

సిటీ చిల్లర కొట్టు తెరవాల్సిన పనే లేని దారులూ ఉన్నాయి. నాకు బాగా నచ్చేది ఐడహోలోని చిన్న ఊరు అమ్మన్. కావాలన్న ఇంటివాళ్ళే తమ వాటా నిర్మాణ ఖర్చు కట్టుకుంటారు, ఒకేసారి గానీ ఏళ్ళ తరబడి వాయిదాల్లో గానీ. వద్దన్నవాళ్ళ మీద భారం పడదు. తీగ సిటీది, దాని నిర్వహణకు నెలకు కొంత. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళు వేరే, నలుగురైదుగురు. ఈ కంపెనీ నచ్చకపోతే వెబ్‌సైట్‌లో నొక్కి ఇంకో దానికి మారచ్చు, ఇంటికి ఎవరూ రానక్కర్లేదు. అలబామాలోని హంట్స్‌విల్ ఇంకో పద్ధతి. కరెంటు సంస్థ తన అవసరానికి ఫైబర్ వేసి, ఖాళీ పోగులు గూగుల్ ఫైబర్‌కి అద్దెకిచ్చింది. అద్దె సిటీకి, కస్టమర్ల తిట్లు గూగుల్‌కి. స్టాక్‌హోమ్ అయితే 1994 నుంచీ స్టోకాబ్ అనే సొంత సంస్థతో ఇదే పని చేస్తోంది, వెలుతురు లేని పోగులు అద్దెకివ్వడం. ఉమ్మడి తీగ పద్ధతి ఎప్పుడూ గట్టెక్కుతుందని కాదు. యూటాలో కొన్ని ఊళ్ళు కలిసి 2002లో మొదలుపెట్టిన యుటోపియా కోసం కొన్ని సిటీలు 2040 దాకా సేల్స్ టాక్స్ తాకట్టు పెట్టి చాలా ఏళ్ళు నలిగాయి. తర్వాత అది పుంజుకుంది, ముందు సంతకాలు చేరాకే వీధి తవ్వడం నేర్చుకున్నాక. మీ సిటీ ఇలాంటి పద్ధతులు పరిశీలించి వద్దనుకుందా, అసలు పరిశీలించలేదా?

కరపత్రాల్లో ఇంకో మాట ఉంటుందని ఊహిస్తున్నాను, ప్రైవేటు కంపెనీల మీద ఇప్పటికే నియంత్రణ ఉంది కదా అని. ఉన్నది కొంచెమే. కేబుల్ టీవీకి సిటీ గానీ రాష్ట్రం గానీ ఫ్రాంచైజీ, అంటే నడుపుకునే అనుమతి, ఇస్తుంది. సిటీ టీవీ ఆదాయంలో 5 శాతం మించకుండా రుసుము తీసుకుంటుంది, అదీ 1984 చట్టం నుంచి. మీరు టీవీ మానేసి ఉత్త ఇంటర్నెట్ తీసుకుంటే ఆ 5 శాతం రాదు. సిటీలు ఫైబర్ వైపు చూడటానికి ఈ కరిగిపోతున్న ఆదాయం కూడా ఒక కారణమని నా అనుమానం, ఎవరూ పైకి అనరు. ఇంటర్నెట్ ధర మీద మాత్రం దాదాపు ఎవరి చెయ్యీ లేదు. న్యూయార్క్ రాష్ట్రం తక్కువ ఆదాయం ఇళ్ళకు 15 డాలర్ల ప్లాన్ తప్పనిసరి చేసి 2025 జనవరిలో అమల్లోకి తేవడం అరుదైన సంగతి. నెట్ న్యూట్రాలిటీ, అంటే కంపెనీలు అన్ని సైట్లనూ సమానంగా చూడాలన్న నియమం, 2015లో వచ్చి, 2017లో పోయి, 2024లో మళ్ళీ వచ్చి, 2025 జనవరి 2న కోర్టులో పోయింది. కొట్టేసింది మళ్ళీ ఆ ఆరో సర్క్యూటే. 2024 నుంచి ప్రతి ప్లాన్‌కీ ధర, వేగం, దాచిన ఫీజులు రాసిన లేబుల్ పెట్టాలి, అదొక్కటి మంచిది. మీ కేబుల్ కంపెనీ లేబుల్, సిటీ చెప్తున్న ప్లాన్ పక్కపక్కన పెట్టి అప్‌లోడ్ వేగం గడి చూడండి.

మీ నాన్నగారికి ఏం చెప్పాలి? ఏపీ ఫైబర్‌తో పోలిక కొంతవరకు నిజం, చాలావరకు కాదు. 2015లో పెట్టిన ఆ సంస్థ రాష్ట్ర ప్రభుత్వానిది. తీగను కరెంటు స్తంభాల మీద లాగడం మంచి ఆలోచన, చాటనూగా వాళ్ళు చూసినా మెచ్చుకునేవారు. నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్, టీవీ చానళ్ళు, ఫోను అని మొదలుపెట్టారు, 2017 డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించారు. చివరి తీగ ఇంటికి తెచ్చింది మాలాంటి కేబుల్ ఆపరేటర్లే. నాతోపాటు డాబాలెక్కిన ఒకతను ఇప్పటికీ ఏలూరు దగ్గర ఆ కనెక్షన్లే చూసుకుంటున్నాడు. కానీ ఇండియాలో టెలికాం కేంద్రం చేతిలోది. లైసెన్సు ఢిల్లీ నుంచి రావాలి. వీధి తవ్వకం అనుమతులకు కూడా 2023 టెలికాం చట్టం కింద చేసిన కేంద్ర నిబంధనలు 2025 జనవరి 1 నుంచి నడుస్తున్నాయి. మునిసిపాలిటీ పాత్ర గొయ్యి దగ్గర అనుమతితో సరి. అక్కడ ధర, అధిపతి, బడ్జెట్ అన్నీ రాష్ట్ర రాజధానిలో తేలతాయి. మీ ఊళ్ళో తేలేది మీ కౌన్సిల్ హాల్లో. మైకు ముందు మూడు నిమిషాలు మీకూ ఇస్తారు. తప్పు చేస్తే కౌన్సిలర్ ఇల్లు ఎక్కడో మీకు తెలుసు. నాన్నగారికి ఈ తేడా చెప్తే ఒప్పుకుంటారని గ్యారంటీ ఇవ్వలేను, మా నాన్న అయితే ఒప్పుకునేవారు కాదు.

నేనైతే ఎటు? సొంత స్తంభాలు, సొంత కరెంటు, కరెంటుకి కూడా ఫైబర్ పనికొచ్చే ఊళ్ళో సాధారణంగా నేను సిటీ వైపే. అవి లేకుండా ఉత్త ఉత్సాహంతో దిగే ఊరైతే వద్దంటాను, లేదా అమ్మన్‌లాగా కోరినవాళ్ళ ఖర్చుతో మొదలుపెట్టమంటాను. మీ ఊరికి మొదటి రెండూ ఉన్నాయి. మూడోది, అంటే స్మార్ట్ మీటర్లు, స్విచ్‌ల ఖర్చు లెక్కలో ఉందా అన్నది మీ పోస్టులో లేదు. పెద్ద చిక్కు బాండ్ల రకం. రెవెన్యూ బాండ్లయితే ఫైబర్ రాబడి నుంచే తీర్చాలి, వడ్డీ కొంచెం ఎక్కువ, మునిగితే ప్రధానంగా బాండ్లు కొన్నవాళ్ళు మునుగుతారు. సిటీ పూచీతో ఇచ్చే జనరల్ ఆబ్లిగేషన్ బాండ్లయితే మీ ఇంటి పన్ను దాని వెనక నిలబడి ఉంటుంది. పేరుకి రెవెన్యూ బాండే అయినా లోపల కరెంటు ఆదాయాన్నో సేల్స్ టాక్స్‌నో తాకట్టు పెట్టే మూడో రకం ఉంది, ప్రొవోవి అలాంటివే. కరపత్రాలు పెద్దక్షరాలతో రాసే పన్ను భయం నిజమా కాదా అన్నది ఆ ఒక్క పేరాలో తేలిపోతుంది.

కౌన్సిల్ ఎజెండాతోపాటు బాండ్ తీర్మానం పీడీఎఫ్ సిటీ వెబ్‌సైట్‌లో పెట్టి ఉంటారు. అందులో అప్పుకి దేన్ని హామీ పెట్టారో రాసిన పేజీ, కన్సల్టెంట్ రిపోర్టులో టేక్ రేట్ ఉన్న పేజీ, ఈ రెండూ ఇక్కడ పెట్టండి. రాష్ట్రం పేరు కూడా. ఆదివారం ఖాళీగానే ఉంటాను, చదివి చెప్తాను.